కోడ్ రాకుండా ఆన్‌లైన్ కంపెనీ: ఖరగ్‌పూర్ నుంచి ఒక పరిశీలన

ఖరగ్‌పూర్‌లో స్టేషన్‌ను ఆనుకుని రైల్వే కాలనీలు, కాస్త దూరంలో హిజ్లీ దగ్గర ఐఐటీ ఉన్నాయి. మధ్యలో ఐదారు కిలోమీటర్లకు మించి లేదు. అయినా ఇటు కుర్రాడు పని మీద అటు వెళ్లడం, అటు విద్యార్థి ఇటు వీధుల్లోకి రావడం అరుదు. ఇంటర్నెట్‌లో వ్యాపారం పెట్టాలంటే కంప్యూటర్ చదువు ఉండాలా అనే ప్రశ్న దేశమంతా వినిపించేదే. ఈ ఊళ్లో మాత్రం దానికి పదును ఎక్కువ. కోడ్ రాసేవాళ్లు వేల సంఖ్యలో పక్కనే ఉన్నారు. ఏ వస్తువు కావాలో, ఏ సేవకు జనం డబ్బు పెడతారో తెలిసినవాళ్లు కాలనీల్లో ఉన్నారు. ఈ రెండు గుంపులకూ ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1890ల చివర ఇక్కడికి చేరింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు కోస్తా లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మనుషులకు ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ రైలెక్కి చేరగలిగే ఊరయింది. వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, యార్డులో పనికి వచ్చినవాళ్లు మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో కాపురాలు పెట్టి తరాల తరబడి ఉండిపోయారు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినబడింది ఈ ఊరి పేరే. తాత ఫిట్టరుగా చేశాడు, తండ్రి గార్డుగా చేశాడు, మనవడు రైల్వే పరీక్షలు రాస్తున్నాడు. 2019లో ప్రకటించిన 1,03,769 లెవెల్-1 పోస్టులకు కోటి మందికి పైగా దరఖాస్తు పెట్టారు. ఆ లెక్క చూశాక, ఉద్యోగం కాకుండా ఇంకేదైనా చేద్దామని పిల్లలు అంటే తప్పు పట్టలేం.

అలా అన్న పిల్లలకు దొరికే జవాబులు రెండే. "మనకెందుకురా, అవన్నీ ఐఐటీ వాళ్ల పనులు" అంటారు పెద్దలు. "ఇప్పుడు ఏఐ ఉంది కదా, అదే రాసిపెడుతుంది" అంటారు స్నేహితులు. నా దృష్టిలో రెండూ తొందరపాటు మాటలే. కోడ్ రాకపోవడం అన్ని దశల్లోనూ ఒకేలా బాధించే లోటు కాదు. మొదలుపెట్టేటప్పుడు దాని వల్ల నష్టం చాలా తక్కువ. వాడేవాళ్లు పెరిగి, వాళ్ల డబ్బూ వివరాలూ మన చేతికి వచ్చేసరికి నష్టం పెరుగుతుంది. ఎవరితోనైనా ఒప్పందం మీద సంతకం పెట్టే రోజున అన్నిటికంటే ఎక్కువ. ఈ తేడా చూడకుండా "కావాలా, అక్కర్లేదా" అని అడిగితే జవాబు ఎటు చెప్పినా తప్పే అవుతుంది.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ముందుగా తెలుసుకోవలసిన కథ స్విగ్గీది. శ్రీహర్ష మాజేటిది విజయవాడ. బిట్స్ పిలానీలో, తర్వాత కలకత్తా ఐఐఎంలో చదివాడు, కొంతకాలం బ్యాంకింగ్ ఉద్యోగం చేశాడు. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది గాని కోడ్ రాయడం అతని వృత్తి కాదు. 2013లో బిట్స్ మిత్రుడు నందన్ రెడ్డితో కలిసి బండిల్ అనే కంపెనీ పెట్టాడు. చిన్న వ్యాపారులకూ కొరియర్ కంపెనీలకూ మధ్య వారధిగా ఉండాలని ఆలోచన. అది నిలవలేదు, 2014లో ఆపేశారు. కానీ సరుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరడంలో ఎక్కడ ఆలస్యమవుతుందో, ఎక్కడ డబ్బు కారిపోతుందో వాళ్లకు అప్పుడే తెలిసింది. ఆ తెలివితో భోజనం చేరవేత వైపు తిరిగారు. ఆ దశలోనే మూడో భాగస్వామిగా రాహుల్ జైమిని చేరాడు. అంతకుముందు మింత్రాలో పనిచేసిన అతను చదివింది ఎక్కడనుకున్నారు? ఐఐటీ ఖరగ్‌పూర్‌లో.

2014 ఆగస్టులో బెంగళూరు కోరమంగళ ఒక్క పేటలో సేవ మొదలైంది. హోటళ్ల కుర్రాళ్ల మీద ఆధారపడకుండా చేరవేసే మనుషులను సొంతంగా పెట్టుకోవడం, చిన్న ఆర్డరైనా కాదనకపోవడం వాళ్లు తీసుకున్న పెద్ద నిర్ణయాలు. ఆ రెండూ వ్యాపార నిర్ణయాలే, వాటిలో కోడ్ లేదు. అయితే ఏ ఆర్డరు ఎవరికి అప్పగించాలో, ఏ బండి ఎక్కడుందో క్షణాల్లో తేల్చే వ్యవస్థ లేకపోతే ఆ నిర్ణయాలు కాగితం మీదే ఉండిపోయేవి. జైమిని 2020లో బయటికి వెళ్లాడు, కంపెనీ 2024 నవంబర్‌లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. విజయవాడ మనిషి వ్యాపార బుద్ధి, ఖరగ్‌పూర్‌లో నేర్చిన కోడ్ కలిసిన చోట ఆ కంపెనీ పుట్టింది. ఆ కలయిక బెంగళూరులో జరిగింది. ఖరగ్‌పూర్‌లో ఎందుకు జరగలేదన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

రెడ్‌బస్ కథ ఇంకో దారి చూపిస్తుంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఒక్క ఏజెంటుకూ పూర్తిగా తెలియదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి పనిలోకి దిగాడు. ముగ్గురూ బిట్స్ పిలానీ వాళ్లే, కానీ వెబ్‌సైట్లు కట్టడం వాళ్ల చదువు కాదు. పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. మొదట బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారు చేస్తే వాళ్లు అక్కర్లేదన్నారు. అప్పుడు మిత్రులు పంతం పట్టలేదు. కొన్ని సీట్లు ఇప్పించుకుని తామే టికెట్లు అమ్మే ఏజెంట్లయ్యారు. 2006 ఆగస్టులో అలా మొదలైంది. యజమానులకు నమ్మకం కుదిరాక వెనకటి సాఫ్ట్‌వేర్ కొత్త రూపంలో మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లింది. 2013లో ఇబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనుక్కుంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో సామను ముఖ్య ఆవిష్కరణల అధికారిగా నియమించుకుంది.

ఈ రెండు కథల్లోనూ తరచుగా దాటేసే మాట ఒకటుంది. ఇద్దరికీ పేరున్న కాలేజీ ఉంది, ఆ కాలేజీ స్నేహాలున్నాయి. కోడ్ రాని మాజేటికి కోడ్ వచ్చినవాణ్ని తెచ్చుకోగల పరిచయాలున్నాయి. ఎయిర్‌బిఎన్‌బి పెట్టిన బ్రయాన్ చెస్కీ, జో గెబియా డిజైన్ విద్యార్థులే, నిజమే. వాళ్ల పక్కన నేథన్ బ్లెచార్జిక్ అనే ప్రోగ్రామర్ ఉన్నాడు. ఆలీబాబా జాక్ మా ఇంగ్లీషు పంతులని అందరూ చెబుతారు. 1999లో అతనితో కలిసి కూర్చున్నవాళ్లు మరో పదిహేడు మంది. కాబట్టి "ఏ సాంకేతిక చదువూ లేకుండా ఒంటరిగా కట్టాడు" అనే కథ చదివినప్పుడల్లా ఆ ఫొటోలో పక్కన నిలబడ్డదెవరో చూడాలి. నింపురా క్వార్టర్లో ఉన్న బీకాం అమ్మాయికి అలా పక్కన నిలబడేవాళ్లు ఎవరు అన్నదే అసలు సమస్య. ఆమె తెలివి గురించి నాకు ఏ సందేహమూ లేదు.

మనిషి దొరికేదాకా ఆమె ఊరికే కూర్చోవాలా? అక్కర్లేదు. చేత్తో నడిపి చూడవచ్చు. డన్జో 2014-15 ప్రాంతంలో బెంగళూరులో ఒక వాట్సాప్ గ్రూపుగా మొదలైంది. జనం కావలసినవి మెసేజ్ పెట్టేవాళ్లు, కబీర్ బిశ్వాస్ తెచ్చిచ్చేవాడు. 2017లో గూగుల్ అందులో పెట్టుబడి పెట్టింది. తర్వాత రిలయన్స్ కూడా పెట్టింది. 2025 మొదలయ్యేసరికి ఆ యాప్ మూతపడింది. మొదటి భాగం నుంచి నేర్చుకోవలసింది, యాప్ లేకుండానే గిరాకీ ఉందో లేదో తేల్చుకోవచ్చని. రెండో భాగం నుంచి నేర్చుకోవలసింది, ప్రతి ఆర్డరు మీదా నష్టపోయే వ్యాపారాన్ని ఎంత గొప్ప యాప్ అయినా, ఎంత పెద్ద పెట్టుబడి అయినా నిలబెట్టలేదని.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఫిజిక్స్‌వాలా. ప్రయాగ్‌రాజ్‌లో అలఖ్ పాండే ఇంజనీరింగ్ మధ్యలో మానేసి కోచింగ్ చెబుతూ యూట్యూబ్‌లో పాఠాలు పెట్టాడు. విద్యార్థులు ముందు పోగయ్యారు. 2020లో ప్రతీక్ మహేశ్వరి భాగస్వామిగా చేరాక యాప్ వచ్చింది. ఆ కంపెనీ 2025 నవంబర్‌లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఖరగ్‌పూర్‌లో రైల్వే పరీక్షలు రాసే పిల్లలకు కొదవ లేదు. రిటైరైన లోకో ఇన్‌స్పెక్టర్లు, సిగ్నల్ విభాగం వాళ్లు చెప్పగలిగే పాఠం ఢిల్లీ కోచింగ్ సెంటర్లలో దొరకదు. తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ ధారాళంగా మాట్లాడే మాస్టారు ఈ కాలనీల్లో పెద్ద విశేషమేం కాదు, మిగతా దేశానికి మాత్రం అది అరుదైన సరుకు. దీన్ని మొదలుపెట్టడానికి ఫోన్, బోర్డు, నెల నెలా ఫీజు తీసుకోవడానికి యూపీఐ ఉంటే చాలు.

రైలు ప్రయాణికులకు భోజనం అందించే ఆలోచన ఈ ఊళ్లో ఎవరికైనా వస్తుంది. కోరమండల్, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ అన్నీ ఇక్కడ ఆగుతాయి. బెర్హంపూర్ దాటి విశాఖ వెళ్లేవాళ్లకు పులిహోర, పెరుగన్నం పెట్టెలు అమ్ముడుపోవా? పోతాయి. కానీ ఇక్కడ కష్టం యాప్‌లో లేదు. రైలు ఎంత ఆలస్యమో, బోగీ ఎక్కడ ఆగుతుందో, ఎన్ని నిమిషాలు ఉంటుందో తెలియాలి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు. ఆ కొస నుంచి ఈ కొసకు పెట్టెలు మోస్తూ పరుగెత్తే మనిషికి తెలిసిన విషయం ప్రోగ్రామర్‌కు తెలియదు. పైగా రైల్వే ప్రాంగణంలో ఎవరు పడితే వాళ్లు అమ్మకూడదు, ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ అనుమతి ఉండాలి. 2024 మార్చిలో స్విగ్గీ ఐఆర్‌సీటీసీతో ఒప్పందం చేసుకున్నప్పుడు మొదట ఎంచుకున్నవి బెంగళూరు, భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడ. మూడు స్టేషన్లు మన లైను మీదివే. అంత పెద్ద కంపెనీ కూడా నాలుగు స్టేషన్లతో మొదలుపెట్టింది. ఇక్కడి యువకులు వాళ్లతో పోటీకి దిగే బదులు, అనుమతి ఉన్న సంస్థకు వంట అందించే వంటశాలగా మొదలుపెడితే తెలివైన పని.

రైలు ఊరి కుర్రాళ్లకు ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. టికెట్ల వ్యాపారం మాత్రం తోచిన రీతిలో చేయకూడదు. సొంత ఐడీల మీద ఇతరులకు టికెట్లు తీసిచ్చి కమీషన్ తీసుకోవడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆన్‌లైన్ టికెట్లకు ఈ సెక్షన్ వర్తించదని కొందరు చెబుతుంటారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు వర్తిస్తుందనే తేల్చింది. పోలీసు కేసు ఉన్న కుర్రాడికి రైల్వే ఉద్యోగమూ దూరమే, వ్యాపారమూ దూరమే.

చేత్తో నడిపే దశ దాటాక పనిముట్లు కావాలి. దుకాణం పెట్టుకోవడానికి షాపిఫై, వెబ్‌సైటుకు వర్డ్‌ప్రెస్, లెక్కలకు గూగుల్ షీట్లు, కొనేవాళ్లతో మాట్లాడటానికి 2018లో మనకు వచ్చిన వాట్సాప్ బిజినెస్, ఇవన్నీ కోడ్ అవసరం లేనివే. కేంద్రం అండతో 2021 చివర మొదలైన ఓఎన్‌డీసీ అనే ఉమ్మడి అమ్మకాల వేదికలో చేరితే సొంత యాప్ లేకుండానే ఇతర యాప్‌ల గిరాకీ అందుకోవచ్చు. ఇంట్లో పచ్చళ్లు, అప్పడాలు చేసే మహిళలకు ఇంతకు మించి సాంకేతికం ఏదీ అక్కర్లేదు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోవాలి, చిన్న వ్యాపారానికి దాని ఫీజు ఏడాదికి వంద రూపాయలే. దీని గురించి పొడిగించనక్కర్లేదు, చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఏఐ గురించి మాత్రం పొడిగించాలి. 2025 నుంచి మాటల్లో చెబితే యాప్ కట్టిచ్చే సాధనాలు అందరి చేతికీ వచ్చాయి. ఇది నిజంగా పెద్ద మార్పు. నెలల పాటు ఇంకొకరి చుట్టూ తిరగాల్సిన నమూనా ఇప్పుడు ఒక సాయంత్రంలో తయారవుతుంది. దాన్ని పదిమందికి చూపించి అభిప్రాయం తీసుకోవచ్చు. కోడ్ రాసే భాగస్వామి కోసం వెతికేటప్పుడు "నా ఊహ ఇదీ" అని చేతిలో పెట్టొచ్చు. అంతవరకు నేను పూర్తిగా దాని పక్షమే. ఆ నమూనానే అసలు వ్యాపారంగా జనం మీదికి వదలడం వేరే సంగతి. 2025 జులైలో జేసన్ లెమ్‌కిన్ అనే అమెరికన్ వ్యాపారి రెప్లిట్ ఏఐతో యాప్ కట్టుకుంటుండగా, మార్పులు చేయొద్దని చెప్పినా అది అసలు డేటాబేస్‌నే తుడిచేసింది. అతను అనుభవజ్ఞుడు, ప్రపంచానికి చాటి చెప్పగలిగాడు, కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పాడు. మన కాలనీ కుర్రాడికి అలా జరిగితే అడిగే నాథుడుండడు.

ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఏం తుడిచిపెట్టుకుపోయిందో, ఏ తలుపు తెరిచి ఉందో కోడ్ చదవలేనివాడికి తెలియదు. వాడేవాళ్ల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఎవరైనా చూడగలిగేలా వదిలేసిన యాప్ కూడా తెర మీద చక్కగానే పనిచేస్తుంది. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలు వెలువడ్డాయి. భద్రతలో నిర్లక్ష్యానికి జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. చిన్నవాళ్లకు అంత వేయరని ధైర్యం చెప్పుకోవచ్చు గాని, పొరుగింటి ఆడపిల్లల ఫోన్ నంబర్లు మన యాప్ నుంచి బయటపడితే ఆ కాలనీలో తల ఎత్తుకుని తిరగలేం. అందుకే నా లెక్క ఇది. నమూనాకు ఏఐ, ఇతరుల డబ్బూ వివరాలూ దాచే చోట తెలిసిన మనిషి పరీక్ష. డబ్బు విషయంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కొనేవాళ్ల దగ్గర తీసుకుని అమ్మేవాళ్లకు పంచే పని సొంత ఖాతాలో చేయకూడదు, రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న చెల్లింపుల సంస్థ ద్వారానే చేయాలి.

ఆ "తెలిసిన మనిషి"ని జీతానికో కాంట్రాక్టుకో తెచ్చుకునే దగ్గరే మోసపోయేవాళ్లు ఎక్కువ. కలకత్తాలోనో హైదరాబాద్‌లోనో ఒక చిన్న సంస్థకు రెండు మూడు లక్షలిచ్చి యాప్ చేయించుకుంటారు. డబ్బు కట్టాం కాబట్టి యాప్ మనదే అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో సాఫ్ట్‌వేర్ ఒక సాహిత్య రచన, రాసినవాడే మొదటి హక్కుదారు. మన దగ్గర ఉద్యోగిగా చేరి ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు మనది. కాంట్రాక్టు మీద బయటివాడు రాస్తే, హక్కు బదిలీ చేస్తున్నట్టు అతను రాతపూర్వకంగా సంతకం చేయనంతవరకు కోడ్ అతనిదే. ఆ రాతలోనూ ఎంతకాలమో చెప్పకపోతే ఐదేళ్లకే అని, ఏ దేశాలకో చెప్పకపోతే భారతదేశానికే అని 19వ సెక్షన్ అర్థం చెబుతుంది. ఈ రెండు వాక్యాలు లేని ఒప్పందం మీద సంతకం పెట్టినవాడికి, ఆరో ఏట వ్యాపారం బాగున్నప్పుడు పాత కాంట్రాక్టరు గుమ్మంలోకి వస్తే చెప్పడానికి మాట ఉండదు.

కాగితం సరిగ్గా ఉన్నా తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడాలి. డొమైన్ పేరు మన ఈమెయిల్ మీద, మన కార్డుతో కొనాలి. సర్వర్ ఖాతా, కోడ్ దాచిన ఖాతా, ప్లే స్టోర్ ఖాతా అన్నీ మన పేరునే తెరిచి, పనివాళ్లకు లోపలికి అనుమతి మాత్రమే ఇవ్వాలి. ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, ఆ మాత్రం ఖర్చుకు వెనకాడి కాంట్రాక్టరు ఖాతాలో యాప్ పెట్టించకూడదు. వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిచేవాళ్లు యాప్ విడుదల చేసేముందు 12 మందితో వరసగా 14 రోజులు పరీక్ష చేయించాలని గూగుల్ నియమం. చాలామంది దీన్ని అడ్డంకిగా చూస్తారు. ఇరుగుపొరుగులో పన్నెండు మందితో వాడించలేని యాప్‌ను ఊరంతా వాడుతుందని ఎలా అనుకుంటాం?

మొత్తం డబ్బు ముందే ఇవ్వకుండా, పని చేసి చూపించిన మేరకు విడతలుగా ఇవ్వాలి. ప్రతి విడతకూ కోడ్ మన ఖాతాలో పడాలి. దాన్ని నెలకోసారి చదివి చెప్పే మూడో మనిషి ఒకరు ఉంటే, అది ఐఐటీ నాలుగో సంవత్సరం విద్యార్థి అయినా సరే, సగం దిగులు తగ్గుతుంది. కోడ్ రాసేవాణ్ని భాగస్వామిగానే తీసుకుంటే వాటా మొదటి రోజే రాసివ్వకూడదు. నాలుగేళ్లలో కొద్దికొద్దిగా దక్కేలా, ఏడాది లోపల వెళ్లిపోతే ఏమీ దక్కకుండా రాసుకోవడం ఈ రంగంలో అందరూ పాటించే పద్ధతి. ఐఐటీ విద్యార్థికి చివరి ఏడాది ప్లేస్‌మెంట్ వస్తే బెంగళూరు వెళ్లిపోతాడు. అతని మీద కోపం తెచ్చుకోవడం కంటే అతను వెళ్లినా కంపెనీ మిగిలేలా ముందే రాసుకోవడం మేలు.

రైల్వే కుటుంబాలకు సంబంధించిన ఒక నియమం ఉంది. స్టార్టప్‌ల గురించి దేశంలో ఎవరు రాసినా అది రాయరు, ఎందుకంటే వాళ్లకు అవసరం లేదు. మనకు అవసరం. 1966 రైల్వే సేవల ప్రవర్తన నియమాల్లో 15వ నియమం ప్రకారం రైల్వే ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వ్యాపారం చేయకూడదు. కంపెనీ రిజిస్ట్రేషన్‌లో, నిర్వహణలో పాలుపంచుకోకూడదు. కుటుంబ సభ్యుల వ్యాపారానికి గిరాకీ తేవడానికి ప్రచారం చేసినా తప్పే. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తుంటే ఆ సంగతి పై అధికారులకు తెలియజేయాలి. అంటే భార్య పచ్చళ్ల వ్యాపారం పెడితే తప్పు లేదు, చెప్పకపోవడం తప్పు. కొడుకు కంపెనీకి తండ్రిని డైరెక్టరుగా పెట్టి సంతకం చేయించడం తప్పు. నాన్న తన షెడ్డులో పదిమందికి యాప్ లింకు పంపడం కూడా ఇబ్బంది తెచ్చే పనే. ఇరవై ఐదేళ్ల సర్వీసు, పింఛను ఒక వాట్సాప్ మెసేజ్ వల్ల విచారణలో పడకూడదు. ఒక్క దరఖాస్తు రాసిపెడితే పోయేదానికి భయపడి దాచేవాళ్లు, తెలియక దాచేవాళ్లు ఇద్దరూ ఉంటారు. క్వార్టరు కూడా నివాసానికి ఇచ్చింది, వ్యాపారానికి కాదు. ఆఫీసు చిరునామాకు మలంచాలోనో ఇందాలోనో ఒక చిన్న గది అద్దెకు తీసుకోవడం మంచిది.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇతరుల సరుకును తన యాప్‌లో అమ్మించి వాళ్ల తరఫున డబ్బు వసూలు చేసే సంస్థకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ మొదటి రూపాయి నుంచే తప్పనిసరి. టర్నోవర్ తక్కువన్న మినహాయింపు దానికి లేదు. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బు అడిగే దళారులకు ఇవ్వొద్దు.

పెట్టుబడి గురించి నాకు గట్టి అభిప్రాయముంది. రైల్వే ఇళ్లలో పెద్ద మొత్తం చేతికొచ్చేది ఒకే ఒక్కసారి, రిటైరైన నెలలో. ఆ గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు మీద పిల్లల కళ్లు పడటం సహజం. అందులోంచి యాప్‌కు ఒక్క రూపాయి తీయొద్దు. చేత్తో నడిపిన వ్యాపారం తన ఖర్చు తాను సంపాదించుకున్నాకే సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు పెట్టాలి, అదీ ఆ సంపాదనలోంచే. అంతకు మించి కావాలంటే కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇన్‌క్యుబేటర్ల దారి ఉంది. 2021లో కేంద్రం 945 కోట్లతో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ప్రకటించినప్పుడు నమూనాకు 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా సాయం అని నిర్ణయించారు. ఆ డబ్బు నేరుగా చేతికి ఇవ్వరు, గుర్తింపు పొందిన ఇన్‌క్యుబేటర్ ఎంపిక చేసి ఇస్తుంది. పథకాల పేర్లూ గడువులూ మారుతుంటాయి, ఈ పద్ధతి మాత్రం మారదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో స్టెప్ అనే సాంకేతిక పారిశ్రామికవేత్తల పార్కు దశాబ్దాలుగా ఉంది, విద్యార్థులు నడిపే ఆంట్రప్రెన్యూర్‌షిప్ సెల్ ఉంది. వాటి గుమ్మం ఎక్కడానికి ఐఐటీలో సీటు రావాలేమోనని చాలామంది భ్రమ.

చివరికి కోడ్ నేర్చుకోవాలా వద్దా? నేర్చుకోవాలనే నేనంటాను, రాయడానికి కాదు, చదివి అడగడానికి. డేటాబేస్ అంటే ఏమిటి, పాస్‌వర్డులు ఎలా దాస్తారు, బ్యాకప్ ఎవరు తీస్తున్నారు, ఈ మార్పుకు రెండు వారాలు ఎందుకు కావాలి, ఈ నాలుగూ అడగగలిగితే మోసపోవడం కష్టం. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు అనుపమ్ బసు, పార్థప్రతిమ్ దాస్, దేబాశిస్ సమంత చెప్పిన ప్రోగ్రామింగ్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా ఉన్నాయి. ఐదు కిలోమీటర్ల అవతల క్లాసులో చెప్పిన పాఠం నింపురాలో ఫోన్ మీద పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. మొత్తం వినక్కర్లేదు, మొదటి నాలుగు వారాల పాఠాలు ఓపికగా చేస్తే కాంట్రాక్టరుతో మాట్లాడే గొంతు మారుతుంది.

ఐఐటీలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఒక మనవి. మీలో ఏటా ఎంతోమంది మంచి కోడ్ రాసి, దానికి తగిన సమస్య దొరక్క పోటీల కోసం ఊహల్లోంచి సమస్యలు పుట్టించుకుంటున్నారు. ఒక ఆదివారం మథురాకాటి రండి. మీ భాషే మాట్లాడేవాళ్లు ఇక్కడ వందేళ్లకు పైగా ఉన్నారు. కోచింగ్ మాస్టారికి హాజరు పట్టీ కావాలి, పచ్చళ్ల అమ్మకు ఆర్డర్ల లెక్క కావాలి, శ్రీకాకుళంలో సంబంధాలు వెతికే తల్లిదండ్రులకు నమ్మదగిన వేదిక కావాలి. కాలనీ యువతకూ ఒక మాట. వాళ్లు వచ్చేదాకా ఆగకండి. నెల రోజులు చేత్తో నడిపి, ఎంతమంది డబ్బిచ్చారో ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో మీరే ఆంట్రప్రెన్యూర్‌షిప్ సెల్ దగ్గరికి వెళ్లండి.